గట్టిగా చదివిన నంబరు

హోసూరులో నెట్ సెంటర్లు కొత్తగా వచ్చిన రోజులవి. కెలమంగలంలో పట్టుగూళ్లు అమ్మిన డబ్బుతో అత్తమ్మను కాశీకి తీసుకెళ్లాలనుకున్నాం. అక్కడ రైలు టికెట్లు తీసేటప్పుడు మావారు, రేషన్ షాపులో కార్డు నంబరు చెప్పినట్టు, బ్యాంకు కార్డు మీది నంబర్లన్నీ అందరి ముందూ గట్టిగా చదివేశారు.

కాశీలో ఏటీఎం డబ్బివ్వలేదు. ఫోన్ చేస్తే, ఆ నంబర్లతో ఎవరో నెట్‌లో సామాన్లు కొని ఖాతా ఊడ్చేశారని బ్యాంకువాళ్లు చెప్పారు. మావారు నడివీధిలో కూలబడ్డారు. "ఈడ మనకెవరుండారప్పా? ఊరికెట్ల పోయేది?" అని అత్తమ్మ ఏడ్చింది.

నా కమ్మలు అమ్మి ఇల్లు చేరాం. అత్తమ్మ ఆశపడిన గంగాజలం చెంబు కొనలేకపోయాం. ఆమె మళ్లీ కాశీ చూడకుండానే పోయింది.

ఇప్పటికీ యాత్రల్లో కార్డు బయటికి తీయం. నడుము సంచిలో ఉన్నంతే ఖర్చు. మొన్న మళ్లీ కాశీ వెళ్లాం. చెంబుకు సరిపడా డబ్బుంది. ఎవరికని కొనాలి?