బూచాడి బెల్లు

నా చిన్నప్పుడు మేం లండన్‌లో, ఈస్ట్ హామ్ అనే పేటలో ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. అన్నం దగ్గర నేను మహా మొండిదాన్ని. ముద్ద బుగ్గన పెట్టుకుని కూర్చునేదాన్ని. మా నాయనమ్మ విసిగిపోయి బాబాయికి సైగ చేసేది. ఆయన చప్పుడు చేయకుండా బయటికి వెళ్లి ముందు బెల్లు నొక్కేవాడు, ఆ వెంటనే తలుపు దబదబా బాదుతూ గాండ్రించేవాడు. "అదిగో, బూచాడొచ్చాడు! మింగు, మింగు!" అనేది నాయనమ్మ. గుటుక్కున మింగేదాన్ని. అందరూ నవ్వేవాళ్లు. పిల్ల తింటోంది కదా, ఇంకేం కావాలి వాళ్లకి!

కొన్నాళ్లకు బాదడం, గాండ్రించడం అక్కర్లేకపోయింది. బెల్లు మోగితే చాలు, నా కాళ్లూ చేతులూ చల్లబడేవి. ఒకరోజు బాబాయి నా కళ్లముందే బెల్లు నొక్కి, "చూడవే, నేనేగా!" అన్నాడు. బూచాడు లేడని నాకూ తెలుసు. తెలిసి ఏం లాభం, ఒళ్లు వినదే!

ఒక మధ్యాహ్నం ఇంట్లో నేనూ అమ్మే ఉన్నాం. అమ్మకు ఉబ్బసం. ఊపిరాడక అంబులెన్సుకు ఫోన్ చేసి, "బెల్లు మోగగానే తలుపు తియ్యమ్మా" అని వంటగది గోడకు జారగిలబడింది.

బెల్లు మోగింది. నేను మంచం కిందకు దూరాను. మళ్లీ మోగింది. తర్వాత తలుపు బాదారు, అచ్చం బాబాయి బాదినట్టే. వంటగదిలోంచి అమ్మ ఊపిరి ఈలలా వినిపిస్తోంది, అదీ ఆగి ఆగి. అమ్మ దగ్గరికి పోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. దేవుడా, కాలు కదిలితేగా!

అంతలో బాదడం ఆగింది. తలుపుకున్న ఉత్తరాల కంతలోంచి, నా బెల్లు భయం సంగతి తెలిసిన పక్కింటి అక్క గొంతు మెల్లగా వినిపించింది. "బుజ్జీ, నేనే. ఇంక బెల్లు కొట్టనివ్వను. ఇవిగో నా వేళ్లు, వచ్చి పట్టుకో." పాక్కుంటూ వెళ్లి ఆ వేళ్లు పట్టుకున్నాను. రెండో చేత్తో గడియ తీశాను.

అమ్మ బతికింది. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరు చెప్పాడట. మర్నాడు నాయనమ్మ నా కంచం ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ తర్వాత చాలాకాలం అక్క నన్ను చంకనెత్తుకుని, నా చేతే బెల్లు నొక్కించి, నోట్లో బెల్లం ముక్క పెట్టేది. భయం మెల్లగా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

ఇప్పుడు నాకు మనవలున్నారు. మా కోడలు ఎప్పుడైనా "తినకపోతే పోలీసొస్తాడు" అనబోతే కంచం లాగేసుకుంటాను. ఇంట్లో బెల్లు మోగితే తలుపు నేనే తీస్తాను. అయితే గడియ మీద చెయ్యి వేసే ముందు, లోపల ఎవరూ లేకపోయినా, వంటగది వైపు ఒక్క క్షణం చెవి పెడతాను, ఊపిరి వినిపిస్తోందో లేదో అని.