రీడింగు బాబాయ్ లెక్కల క్లాసు

ఫిజిక్సు విభాగంలో ల్యాబ్ అసిస్టెంటుని పిల్లలంతా రీడింగు బాబాయ్ అంటారు. ప్రయోగం ఉన్న రోజు ఆయన అందరికంటే ముందొచ్చి, పరికరాలు అమర్చి, తానే ఒకసారి చేసి చూసుకుంటాడు. అందుకే ఏ రీడింగు ఎంత రావాలో ఆయనకు ముందే తెలుసు. ఎవరికైనా తేడా వచ్చి బిక్కమొహం వేస్తే వెనకనుంచి వచ్చి, "దిక్సూచి డబ్బీ కాస్త తట్టి చూడు. ముల్లు నలభై దాటకూడదు," అని ఏమీ ఎరగనట్టు వెళ్లిపోతాడు. అలా గట్టెక్కినవాళ్లలో ఒకామె ఇప్పుడు అదే విభాగంలో లెక్చరర్.

ఉద్యోగులు కూడా డిగ్రీ చదువుకోవచ్చని యూనివర్సిటీ వాళ్లు అన్నప్పుడు ఆయన చేరాడు. మొదటి ఏడాదిలో మిగతావన్నీ పాసయ్యాడు గానీ లెక్కలు మాత్రం మరుసటి ఏటికి తోసేశాడు. ఆ మరుసటి ఏడు రాగానే కూతురు వచ్చి అదే లెక్కల క్లాసులో చేరింది. కన్నకూతురి పక్కన బెంచీ మీద కూర్చోవడమంటే ఆయనకు తల కొట్టేసినట్టనిపించింది.

ఆ లెక్కలు పాసైతే తప్ప రెండో ఏడాది విద్యుదయస్కాంతత్వం క్లాసులోకి రానివ్వరు. అయితే పాఠం చెప్పేవాళ్లు సంతకం పెడితే మినహాయింపు ఉంది. పాఠం చెప్పేది ఆ లెక్చరరే. ఆమె కాసేపు నసిగింది.

"లెక్కలు లేకుండా కష్టం బాబాయ్. ఒక్క ఏడాదేగా."

"ల్యాబ్‌లో ఆ తీగచుట్టలు చుట్టిందే నేను. నాకు కొత్తేముందమ్మా," అన్నాడాయన. అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. "ఫైనల్ ప్రాక్టికల్‌లో నీ గ్రాఫు గుర్తుందా?"

ఆమె తలెత్తకుండా సంతకం పెట్టింది. ఆయన ఇంటికెళ్లి, "అనుభవానికి విలువిచ్చారు," అని కూతురితో చెప్పాడు.

క్లాసులో వరసగా ఒక్కొక్కరిని బోర్డు దగ్గరికి పిలుస్తుంటే ఆయన వంతు వచ్చింది. గుండ్రటి తీగచుట్టలో కరెంటు పారుతుంటే దాని అక్షం మీద అయస్కాంత క్షేత్రం ఎంత? ఆయన చాక్‌పీసు తీసుకుని చకచకా గ్రాఫు గీశాడు. మధ్యలో ఎత్తు, అటూ ఇటూ వాలు. పక్కన సూత్రం రాశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"ఇదెలా వచ్చిందో చేసి చూపించండి," అంది లెక్చరర్.

"ఇదే వస్తుందమ్మా. ఎన్నిసార్లు చేసినా ఇదే."

"జవాబు సరే. తీగలో ఒక చిన్న ముక్క తీసుకోండి. అదెంత ఇస్తుందో రాసి, చుట్టంతా కలపండి."

కలపడానికి వాడే గుర్తు ఆయనకు తెలుసు. కొక్కెంలా ఉంటుంది. దాన్ని పొడుగ్గా, అందంగా గీశాడు. దాని పక్కన ఏం రాయాలో తెలియలేదు. చాక్‌పీసు బోర్డుకి ఆనించి అలాగే ఉండిపోయాడు. ఎవరైనా నవ్వుతారేమోనని చూశాడు. నవ్వితే తానూ నవ్వేసి కూర్చోవచ్చు. ఎవరూ నవ్వలేదు. చివరికి ముందు బెంచీలోని అమ్మాయి, నోటి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని, రాయాల్సింది గుసగుసగా చెప్పింది. ఆయన ల్యాబ్‌లో చెప్పినట్టే.

ఆయన అది రాయలేదు. చాక్‌పీసు పెట్టేసి వచ్చి కూర్చున్నాడు.

సాయంత్రం ఇంట్లో కూతురు కంచాలు తుడుస్తూ, "బోర్డు దగ్గర ఇబ్బందయిందట," అంది.

"ఎవరన్నారు?"

"అందరూ." చేతిలో కంచం పక్కన పెట్టి, "అనుభవానికి ఇచ్చారన్నావుగా నాన్నా," అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే ఆయన అన్నం తినకుండానే లేచిపోయాడు.

మర్నాడు లెక్చరర్ గదికి వెళ్లి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ మినహాయింపు రద్దు చేయండి మేడం."

ఆమెను మేడం అనడం అదే మొదటిసారి. ఆమె గమనించింది.

"రద్దు చేస్తే పైవాళ్లు అడుగుతారు, అసలు సంతకం ఎందుకు పెట్టావని."

"నేనే పట్టుబట్టి పెట్టించుకున్నానని చెప్పండి."

"పట్టుబడితే పెట్టేశావా అంటారు. అప్పుడు నా గ్రాఫు సంగతీ చెప్పుకోవాలి." ఆమె బల్ల మీది డస్టర్ని అటూ ఇటూ తిప్పింది. "ఆ తీగచుట్ట ప్రయోగం నాకు నేనుగా ఇంతవరకూ చేసి చూడలేదు బాబాయ్. ఏటా దానిమీదే పాఠం చెబుతాను. ఆ రోజు మీరు రాకపోతే తప్పేదాన్నేమో. తప్పితే మళ్లీ చేసేదాన్ని."

ఇన్నేళ్లూ ఆయన తాను సాయం చేశాననే అనుకున్నాడు.

"కోర్సు మీ అంతట మీరే వదిలేసుకోండి. ఎవరూ ఏమీ అడగరు. ఏడాది పోతుంది."

"పోనివ్వండి."

ఆ వారంలోనే లెక్కల క్లాసుకి వెళ్లాడు. గుమ్మంలో నిలబడగానే పిల్లలు అలవాటు కొద్దీ, పరికరమేదో తెచ్చాడనుకుని ఆయన చేతులవైపు చూశారు. చేతుల్లో ఏమీ లేదు. వెనక బెంచీలు నిండిపోయాయి. కూతురు తన పక్కనున్న సంచీ తీసి కింద పెట్టింది.

ఆయన వెళ్లి కూర్చున్నాడు. మాస్టారు ఒక లెక్క ఇచ్చి చేయమన్నాడు. ఆయన పుస్తకం తెచ్చుకోలేదు. కూతురు తన పుస్తకాన్ని ఇద్దరి మధ్యకూ జరిపి, లెక్క కింద అచ్చయిన జవాబు మీద అరచెయ్యి పెట్టింది.

"చూడన్లేవే," అన్నాడాయన, తనకే వినబడనంత మెల్లగా.

ఆమె చెయ్యి తియ్యలేదు.