చెవిబిళ్ళ లేని మల్లీశ్వరి

శంకరప్పకు తీరిక దొరకదు. నాగల్‌గిద్ద దగ్గర నాలుగెకరాల కంది చేను తప్ప వేరే రాజ్యం లేని ఆ మనిషికి తహసీల్దారుకు కూడా లేనన్ని పనులుంటాయి. టీ హోటల్ బెంచీ మీద కూర్చోవడం అందులో మొదటిది. ఎవరి చేను ఎందుకు ఎండిందో చెప్పడం రెండోది. ఇన్ని పనుల మధ్య పెండ్లాం ఆధార్ కార్డు మీద ఊరు మార్పించడానికి మాత్రం పదమూడేండ్లుగా వేళ కుదరలేదు.

మల్లీశ్వరి పుట్టినూరు కర్ణాటకలో, ఔరాద్ పక్కన. కార్డు పెండ్లికి ముందు అక్కడే తీశారు కాబట్టి దాని మీద కన్నడ అక్షరాలు, తండ్రి ఇంటి చిరునామా ఉన్నాయి. మార్పించమని ఎప్పుడడిగినా శంకరప్పది ఒకటే మాట.

"కందులు కొట్టినంక పోదాం తియ్యి."

కందులు పదమూడుసార్లు కొట్టారు. ఓటరు కార్డు ఉండేది గానీ, అది ఎలుకల పాలైంది. అదే పోయినేడు బర్రెలకు బీమా అనగానే శంకరప్ప పొద్దున్నే లేచి, బర్రెను తానే కొమ్ములు పట్టి నిలబెట్టి, చెవికి పచ్చ బిళ్ళ వేయించాడు. దాని మీద పన్నెండంకెల నంబరు. బర్రె ఈ ఊరిదేనని సర్కారు ఒప్పుకుంది. పెండ్లాం సంగతి సర్కారు అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మల్లీశ్వరి కోరిక పెద్దదేం కాదు. పట్నం పోవాలి, చార్మినార్ ఎక్కి ఒక్కసారి కిందికి చూడాలి. కలుపు తీస్తూ వంగిన నడుముకు ఇన్నేండ్లూ నేల తప్ప మరొకటి కనిపించలేదు. ఆడవాళ్ళకు బస్సు ఉచితమైనప్పటి నుంచి వాడకట్టు ఆడవాళ్ళంతా తిరిగొస్తున్నారు. పక్కింటి విజయమ్మ రెండుసార్లు పోయొచ్చి, చార్మినార్ తానే కట్టించినట్టు చెబుతుంది. వింటుంటే మల్లీశ్వరికి కడుపు మండేది.

ఈసారి విజయమ్మ తోడు రమ్మంది. శంకరప్పా సరేనన్నాడు. మంచితనంతో కాదు, ఉచితం గనక. "పెండ్లాన్ని పట్నం పంపుతున్న" అని హోటల్లో పదిమందికి చెప్పి, చేనుకు పురుగుల మందు కొనేదుందంటూ ఆటోలో నారాయణఖేడ్ బస్టాండ్ దాకా వెంట వచ్చాడు.

మల్లీశ్వరి బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. కండక్టరమ్మ కార్డు అటూ ఇటూ తిప్పి చూసింది.

"అక్కా, ఇది కర్ణాటక కార్డు. జీరో టికెట్ రాదు. పైసలియ్యాలె."

"పదమూడేండ్ల సంది ఈడనే ఉంటున్న."

"ఉండొచ్చు. కార్డు మీద లేదు గదా."

మల్లీశ్వరి కిటికీలోంచి మొగుడి వైపు చూసింది. ఆ మందుకు తెచ్చిన డబ్బులు ఆయన జేబులో ఉబ్బెత్తుగా కనిపిస్తూనే ఉన్నాయి.

"పైసలు పెట్టి పట్నం సూడాల్నా? దిగు," అన్నాడు శంకరప్ప.

దిగింది. విజయమ్మ జాలిపడింది. పడుతూనే కిటికీ పక్కకు జరిగింది. బస్సు వెళ్ళిపోయాక మల్లీశ్వరికి ఏడుపొచ్చింది. పట్నం పోనందుకు కాదు. ఇన్నేండ్లు చాకిరీ చేసిన ఊరికి తానేమీ కానని నలుగురిలో తేలినందుకు.

మర్నాడు పొద్దున్నే లేచి బర్రె పాలు పిండింది. ఎవరికీ చెప్పకుండా కంది చేల గట్ల వెంట గంట నడిచి, సరిహద్దు దాటి, కర్ణాటక బస్సు ఎక్కింది.

"ఎల్లిగె అక్కా?" అని కండక్టర్ కన్నడంలో ఎక్కడికో అడిగాడు. బీదర్ అంది. అక్కడా ఆడవాళ్ళకు బస్సు ఉచితమే; అదే కార్డు చూసి, మారుమాట లేకుండా ఉచిత టికెట్ చేతిలో పెట్టాడు. దారిలో పుట్టినూరొచ్చినా దిగలేదు. తల్లి పోయాక అక్కడ వదినె రాజ్యం.

బీదర్‌లో కోట ఎక్కింది. నడుం నిటారుగా పెట్టి కిందికి చూసింది. కింద మనుషులు కందిగింజలంత ఉన్నారు. వాళ్ళలో ఎవరైనా శంకరప్ప కావచ్చనుకుని నవ్వుకుంది. చార్మినార్ కాదు. అయినా ఎత్తే.

చీకటి పడకముందే ఇల్లు చేరింది. సాయంత్రం పాలు పిండబోయిన శంకరప్పను బర్రె తన్నినట్టుంది, కుంటుతున్నాడు.

"ఎవర్నడిగి పోయినవ్?"

"మా సర్కారునడిగి."

ఆ రాత్రి శంకరప్ప బుర్ర మొదటిసారి పనిచేసింది. ఈ కార్డుంటే ఈమె ఏ పొద్దున్నయినా బస్సెక్కగలదు, మళ్ళీ రాకపోనూవచ్చు. అప్పుడు కలుపెవరు తీస్తారు, పాలెవరు పిండుతారు? తెల్లారేసరికి స్నానం చేసి, చొక్కా తొడుక్కుని, బండి తుడిచి వాకిట్లో నిలబడ్డాడు.

"నడువ్, మల్లీశ్వరీ. ఖేడ్ పోయి కార్డు మార్పిద్దాం."

పదమూడేండ్లు ఆమె వినాలనుకున్న మాట అది. విని, కార్డును జాకెట్లో ఇంకా లోపలికి దోపుకుంది.

"కందులు కొట్టినంక పోదాం తియ్యి," అని, చెవికి బిళ్ళ ఉన్న బర్రెకు గడ్డి వేయడానికి పోయింది.