షెరిన్ చూడందే గీయదు

మురుగు నాలాను చెరువుగా గీయమని మా ఘాజియాబాద్ ఇంటికి ఒక బిల్డరు మనిషి వచ్చాడు. 2006 నాటి మాట. వాళ్ళు కట్టే ఫ్లాట్ల పక్కనే ఆ నాలా. బ్రోచరులో రెండు బాతుల్ని కూడా వదలమన్నాడు.

"కాగితం మీదే కదా, దీదీ!"

"అచ్ఛా. ముందు మీరు బాతుల్ని తెచ్చి అందులో వదలండి భయ్యా. బతికితే గీస్తాను" అంది నా కోడలు షెరిన్.

వాడు గొంతు పెంచాడు. షెరిన్ గుమ్మంలో ఉన్న వాడి బూట్లను వీధివైపు తిప్పిపెట్టింది. తొడుక్కుని పోయాడు.

గుర్గావ్ ఆఫీసులో ఏం గీయమంటే అది గీయాల్సి వస్తోందని ఉద్యోగం వదిలేసి, ఇంట్లోనే కంప్యూటర్ పెట్టుకుని సొంతంగా డిజైన్లు చేసేది షెరిన్. దాని పద్ధతి ఒకటే, చూడందే పని ఒప్పుకోదు. ఆవకాయ లేబులు అడిగితే ముందు సీసా మూత తీయించేది. ఒకణ్ణయితే నేనే తరిమాను. ఆవపిండి వేయనిదీ ఒక ఆవకాయేనా?

బాతుల సంగతి విని నా కొడుకు నథానియేలు మొహం మాడ్చుకున్నాడు.

"వచ్చినవాళ్ళనల్లా తరుముతావా? పాత ఆఫీసువాళ్ళు మళ్ళీ పిలుస్తున్నారు. ఈసారి వచ్చే పని కూడా వదిలావంటే సోమవారం గుర్గావ్ క్యాబ్ ఎక్కాల్సిందే."

"పెళ్ళిచూపుల్లో నువ్వు నలుగురిని వద్దన్నావు. అప్పుడు నిన్ను ఏ క్యాబ్ ఎక్కించాంరా?" అన్నాను.

ఈసారి వచ్చింది మా చర్చి పెద్ద బాబూరావుగారు. కొత్తగా నర్సింగ్ హోమ్ పెట్టారు. 'డాక్టరు ఎల్లవేళలా ఉంటారు' అని బోర్డు మీద పెద్దక్షరాల్లో ఉండాలన్నారు.

"ఒకసారి వచ్చి చూస్తా అంకుల్."

"మన సంఘంవాళ్ళమే కదమ్మా, ఇంకా చూసేదేంటి? ఇష్టం లేకపోతే చెప్పు, ఆదివారం ఆరాధన అయ్యాక ఇంకొకరికి ఇచ్చేస్తా."

ఒప్పుకోమని నథానియేలు కళ్ళతోనే బతిమాలాడు. షెరిన్ ఆయన చేతికి టీ ఇచ్చింది.

"ఠీక్ హై అంకుల్. ఆరాధన అయ్యాకే చెప్తా."

ఆయన అటు వెళ్ళగానే వంటింట్లోకి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అత్తయ్యా, ఈ ఆదివారం మీరు చర్చి ఎగ్గొట్టాలి. అంకుల్ ముందు వరసలో పాటలు పాడే వేళకి మనం ఆయన నర్సింగ్ హోమ్‌లో ఉందాం. మీ మోకాళ్ళు చూపించుకుందురుగాని. డాక్టరు ఉంటే బోర్డు చేస్తా. లేకపోతే, చర్చి మెట్ల మీద ఆయనకి వద్దని చెప్పేటప్పుడు మీరు నా పక్కన నిలబడండి."