ఎందుకమ్మ కుట్టిన చొక్కా

మా తోటికోడలిని వీధిలో అందరూ ఎందుకమ్మ అంటారు. కొళాయి కారుతుంటే నేను ప్లంబరుకి ఫోన్ చేస్తాను. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని అది ఎందుకు కారుతోందో చూస్తుంది. ప్లంబరు వచ్చి బాగుచేసి వెళ్ళాక కూడా చూస్తుంది. కళ్ళజోళ్ళ దుకాణంలో వంకరపోయిన ఫ్రేములు సరిచేసే ఉద్యోగం కాబట్టి సరిపోయింది. ఇంకెక్కడైనా అయితే మొదటి రోజే దణ్ణం పెట్టి పంపించేసేవాళ్ళు.

పెళ్ళికి ముందు బాగా కుట్టేదట. మా ఇంటికి వచ్చాక ఆవిడ కుట్టు మిషను మీద ఇస్త్రీ బట్టలు చేరాయి, వాటి మీద పాత పత్రికలు, వాటి మీద నా కుక్కరు అట్టపెట్టె. ఈమధ్య కిటికీ పరదా అంచు ఊడితే అవన్నీ దింపి మిషను ముందు కూర్చుంది. పరదా పని అయిపోయింది గానీ ఆవిడ లేవలేదు. పాత దుప్పటి ముక్క ఒకటి తీసుకుని, ఊరికే అటూ ఇటూ కుట్లు వేస్తోంది.

"ఏం కుడుతున్నావక్కా?" అన్నాను.

"ఏమీ లేదు. బాగుంది."

నాకు ఒళ్ళు మండింది. గ్యాస్ బుక్ చెయ్యాలి, కరెంటు బిల్లు కట్టాలి, అత్తయ్యగారి మందులు తేవాలి, ఈవిడకేమో బాగుందట!

ఇక్కడ అత్తయ్యగారి సంగతి చెప్పాలి. మెట్ల మీద జారిపడ్డప్పటి నుంచి ఆవిడ కుడి భుజం పైకి లేవదు. ఆ చేతి వేళ్ళు కదులుతాయి గానీ దేన్నీ గట్టిగా పట్టుకోవు. చీర కట్టుకోవడం కుదరక పైజమా, చొక్కాల్లోకి మారారు. మిగతా అన్నిటికీ ఎలాగో అలవాటు పడ్డారు, చొక్కా వేసుకోవడానికి తప్ప. పొద్దున్నే నేనో అక్కో ఆ చెయ్యి పట్టుకుని చొక్కాలోకి దూర్చాలి. లెక్కల టీచరుగా బడి మొత్తాన్నీ గడగడలాడించిన మనిషి, మేం గుండీలు పెడుతుంటే గోడకేసి చూస్తూ నిలబడేవారు. కొన్నాళ్ళకి అదీ వద్దన్నారు. "ఎవరి కోసం తయారవ్వాలి?" అని, పడుకునేటప్పటి గౌనుతోనే రోజంతా కిటికీ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టారు. సాయంత్రం షికారు పోయింది. దారిలో కనబడ్డ వాళ్ళందరితో వాదనలు పోయాయి. చివరికి నన్ను తిట్టడం కూడా మానేశారు. నిజం చెప్పొద్దూ, నాకు భయం వేసింది. ఇలాగే వదిలేస్తే ఆ కిటికీ దగ్గరి నుంచి ఆవిడ ఇక లేవరనిపించింది.

ఒకరోజు అక్క మిషను మీద నుంచి తలెత్తి, "లేవని చెయ్యి చొక్కాలోకి ఎందుకు వెళ్ళాలి? చొక్కానే చెయ్యి దగ్గరికి రావచ్చుగా?" అంది.

అయిపోయింది, ఇంక ఆవిడకి వేరే లోకం లేదు. బస్టాపులో ముందు నిలబడ్డ ఆయన చొక్కా భుజం కుట్టు చూడ్డానికి మునివేళ్ళ మీద లేచింది. ఆయన వెనక్కి తిరిగి, "ఏం కావాలమ్మా?" అన్నాడు. "మీ భుజం," అంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అది చాలనట్టు, తువ్వాలుతో కుడిచెయ్యి నడుముకి కట్టేసుకుని బజారుకి బయల్దేరింది. మందుల షాపాయన కంగారుపడి, "అయ్యో, మీకు కూడానా?" అన్నాడు. "లేదండీ, ఎలా ఉంటుందో చూస్తున్నా," అంది నింపాదిగా. సంచులన్నీ మోసింది మాత్రం నేను.

ఆఖరికి చొక్కా తయారైంది. కుడివైపు మెడ దగ్గర్నుంచి భుజం మీదుగా చేతి చివరిదాకా తెరుచుకుంటుంది. చెయ్యి ఎత్తక్కర్లేదు, గుడ్డనే చుట్టూ తెచ్చి వరసగా కొక్కేలు పెట్టుకోవాలి. అక్క కుడిచెయ్యి కట్టేసుకుని, ఎడమ చేత్తో చిటికెలో పెట్టేసుకుంది. నేను ముక్కున వేలేసుకున్నాను.

అత్తయ్యగారు దాన్ని తిప్పి తిప్పి చూశారు. ఆవిడ మొహంలో ఏదో కదిలింది. దాన్ని తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. చాలాసేపు లోపల కొక్కేలు గీసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఉన్నట్టుండి తలుపు తెరుచుకుని చొక్కా వచ్చి హాల్లో పడింది.

"మీ ప్రయోగాలు నా మీద చెయ్యకండి!" గౌనులోనే గుమ్మంలో నిలబడ్డారు. కళ్ళలో నీళ్ళు. ఆవిడ కంట నీరు నేను అంతకుముందు చూడలేదు.

ఎవరైనా అయితే నోరు మూసుకుని ఊరుకుంటారు. మా అక్క ఊరుకుంటుందా? "కొక్కేలు ఎందుకు పడలేదు అత్తయ్యా? నేనూ ఎడమ చేత్తోనే పెట్టుకున్నానుగా?"

"నీ ఎడమ చెయ్యీ నా ఎడమ చెయ్యీ ఒకటేనటే? పుట్టినప్పటి నుంచీ నీ పనులన్నీ దాంతోనేగా!"

అక్కది పుర్రచెయ్యి. ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసి కూడా ఒక్కరికీ తట్టలేదు. నాకు నవ్వు పొంగుకొచ్చింది, అత్తయ్యగారి మొహం చూసి మింగేశాను. అక్క కిందపడ్డ చొక్కా తీసుకుని అక్కడే నేల మీద చతికిలబడింది.

మర్నాడు ఎడమ చెయ్యి కట్టేసుకుంది. అప్పుడు తెలిసొచ్చింది! టీ ఒలికింది. తాళం తిరగలేదు. దుకాణంలో కళ్ళజోడు మర చేజారి ఎక్కడికి పోయిందో దొరక్కపోతే, ఓనరు సెలవు పెట్టుకోమని ఇంటికి పంపేశాడు. ఇంటి పనులన్నీ నా నెత్తిన పడ్డాయి. తిట్టుకుంటూనే చేశాను. ఎడమవైపు తెరుచుకునేలా తన కొలతకి ఇంకో చొక్కా కుట్టుకుని, చేతకాని ఆ కుడిచేత్తో కుస్తీ పడుతుంటే వదిలేసి వెళ్ళబుద్ధి కాలేదు కూడా. కొక్కేలు తీసేసింది. పెద్ద గుండీలు పెట్టి చూసి, అవీ పీకేసింది. చివరికి పిల్లల బూట్లకి ఉండే వెల్క్రో పట్టీలు వెడల్పుగా కత్తిరించి, భుజం మీద కాకుండా కంటికి కనబడేలా ఛాతీ మీదకి దించింది. అది తనకి పట్టాక, అత్తయ్యగారి చొక్కా మళ్ళీ కుట్టింది, కుడివైపుకి.

కానీ ఆవిడ దాన్ని ముట్టుకుంటేగా! కుర్చీ మీద పెట్టింది పెట్టినట్టే ఉంది. అక్క బతిమాలబోతుంటే నేనే అడ్డుపడ్డాను.

"ఊరుకో అక్కా, ఆవిడ వల్ల కాదులే. రండి అత్తయ్యా, నేను తొడుగుతాను."

"నీ సాయం ఎవడిక్కావాలే!" అని చొక్కా లాక్కుని గదిలోకి వెళ్ళి ధడాలున తలుపేశారు. ఎన్నాళ్ళకి తిట్టారో! ప్రాణం లేచొచ్చింది.

మేమిద్దరం బట్టలు మడతపెడుతున్నట్టు నటిస్తూ హాల్లో నిలబడ్డాం. లోపల చర్రున పట్టీ విప్పిన చప్పుడు. కాసేపటికి మళ్ళీ చర్రుమంది. అక్క పెదవులు కొరుక్కుంటోంది. ఒకే దుప్పటిని మళ్ళీ మళ్ళీ మడిచాం.

తలుపు తెరుచుకుంది. చొక్కా ఒంటి మీద ఉంది. కానీ కాలరు ఒకవైపు లేచి ఉంది, ముందు అంచులు ఒకటి పైకి, ఒకటి కిందకి. భుజం దగ్గర గుడ్డ పొంగి నిలబడింది. నా చెయ్యి దానంతటదే ముందుకి వెళ్ళింది. అక్క నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

అత్తయ్యగారు అద్దంలో చూసుకున్నారు. వంకర ఆవిడకీ కనబడింది. ఒక్క క్షణం ఆగి, దాని జోలికి పోకుండా చెప్పులు వేసుకున్నారు.

"మందులు నేనే తెచ్చుకుంటాను," అని మెట్లు దిగారు.

మేం కిటికీ దగ్గరికి పరిగెత్తాం. వీధి మలుపులో ఎవరో పలకరించారు. ఆవిడ ఆగి, ఎడమ చెయ్యి ఊపుతూ ఏదో గట్టిగా వాదించి, ముందుకి సాగిపోయారు. నాకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుందామంటే, అక్క నా మణికట్టు ఇంకా వదల్లేదు.