శనివారం కట్టని నిమ్మకాయ

2021 చలికాలం. వరంగల్‌లో పత్తి అమ్మకాలు జోరుమీదున్న రోజులు. మార్కెట్‌కు పోయే రోడ్లన్నీ లారీలు, ట్రాక్టర్లతో నిండిపోయేవి. తెల్లవారుజామున పొగమంచులో ముందు పోయే బండి వెనక లైటు తప్ప ఏమీ కనిపించేది కాదు. నేనప్పుడు బజారును ఆనుకుని ఉన్న ఒక పోలీస్ స్టేషన్‌లో ఎస్సైని. ఆడమనిషి ఎస్సై కదా, మెత్తగా ఉంటుందనుకుని వచ్చేవాళ్లు రెండు మాటలు కాగానే కుర్చీలో సర్దుకుని కూర్చునేవాళ్లు. అనుమానపడడం నా ఉద్యోగం. అది ఇంట్లో కూడా నన్ను వదలదు. మా ఆయన వంకాయలు తెస్తే, ఏ కొట్లో కొన్నావు, ఇంత ఆలస్యమెందుకైంది అని అడుగుతాను. "నన్ను గూడ స్టేషన్ల కూసోబెడ్తవా ఏంది?" అంటాడాయన.

ఒక మంగళవారం పొద్దున్నే పెద్ద దవాఖాన నుంచి ఎంఎల్‌సీ వచ్చింది. ఎంఎల్‌సీ అంటే, ప్రమాదమో కొట్లాటో జరిగినట్టున్న గాయాలతో ఎవరైనా వస్తే డాక్టరు పోలీసులకు పంపే కబురు. గాయపడిన మనిషి పేరు లచ్చమ్మ అని అక్కడి ఆయా ఒకామె గుర్తుపట్టి చెప్పింది. రోజూ మొదటి బస్సులో ఊరి నుంచి ఆకుకూరలు తెచ్చి, బజారులో ఇంటింటికీ తిరిగి అమ్ముకునే మనిషి. బస్సు దిగి రోడ్డు పక్కన నడిచిపోతుంటే ఏదో బండి గుద్దింది. తలకు దెబ్బ, కాలు విరిగింది, స్పృహ లేదు. ఎవరో ఆటో అతను తెచ్చి స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, పేరు కూడా చెప్పకుండా వెళ్లిపోయాడట.

నాకు అక్కడే ఎక్కడో కుట్టింది. మంచి చేసినవాడు పారిపోతాడా?

నేనూ హెడ్ కానిస్టేబుల్ సారయ్యా స్పాట్‌కు పోయేసరికి మున్సిపాలిటీ వాళ్లు రోడ్డంతా ఊడ్చేశారు. గాజుముక్క ఒక్కటి మిగల్లేదు. బ్రేకు వేసిన గుర్తు లేదు. పాలకూర కట్టలన్నీ ఆవుల కడుపులోకి పోయాయి. రోడ్డు మీద చిన్న నెత్తుటి మరక, దాని మీద ఎవరో పోసిన మట్టి. పంచనామా రాశాం, అంటే ఇద్దరు పెద్దమనుషులను పక్కన పెట్టుకుని కళ్లకు కనబడింది కనబడినట్టు రాసుకోవడం. అది సగం పేజీ కూడా నిండలేదు.

దవాఖాన గేటు దగ్గరి వాచ్‌మన్ ఆ ఆటో అతన్ని గుర్తుపట్టాడు. పేరు యాకయ్య. పొద్దున స్కూలు పిల్లల్ని తీసుకుపోతాడు, తర్వాత రైల్వే స్టేషను రోడ్డులో తిరుగుతాడు. మధ్యాహ్నానికల్లా అతన్నీ ఆటోనూ స్టేషన్‌కు తెప్పించాను. ముందు మడ్‌గార్డు సొట్టపోయి ఉంది. వెనక సీటు ఇంకా చెమ్మగా ఉంది. పొద్దున్నే కడిగినట్టున్నాడు.

"బండి ఎందుకు కడిగినవ్?" అన్నాను.

"పొద్దుగాల్ల స్కూలు పిల్లల్ని ఎక్కించుకునేది ఉండె మేడం. నెత్తుర్ల కూసోబెట్టాల్నా?"

"పేరు చెప్పకుండ ఎందుకు పోయినవ్?"

"పేరు రాయిస్తే మీరు తిప్పుకుంటరని. ఇగో, ఇప్పుడు తిప్పుతలేరా?"

దెబ్బలు తగిలినవాళ్లను దవాఖానకు తెచ్చినవాళ్లను పేరు చెప్పమని బలవంతం చేయకూడదని రూలు ఉంది, గుడ్ సమారిటన్ రూలు అంటారు. ఆ రూలు నాకూ తెలుసు. కానీ గుద్దినవాడే తెచ్చి పడేస్తే వాడు ముద్దాయే కదా. సొట్ట గురించి అడిగితే పాతదన్నాడు, స్కూలు గోడకు తగిలిందన్నాడు. గుద్దింది ఏ బండి అంటే, "తెల్ల కారు మేడం, మంచుల అంతే కనవడ్డది" అన్నాడు. వరంగల్‌లో ఎటు చూసినా తెల్ల కార్లే. అబద్ధం చెప్పేవాడు కూడా ఆ మాటే అంటాడు.

లచ్చమ్మ కూతురు సునీత పెళ్లయి కేసముద్రంలో ఉంటుంది. తల్లి సంగతి తెలిసి వచ్చి, దవాఖాన నుంచి నేరుగా స్టేషన్‌కు వచ్చింది. ఆటోను చూడగానే ఏడుపు ఆపుకోలేకపోయింది.

"ఇడువకుండ్రి మేడం వీణ్ని. మా అమ్మ కండ్లు తెరుస్తలేదు."

యాకయ్య తల వంచుకుని నిలబడ్డాడు. తర్వాత నాతో మెల్లగా అన్నాడు. "మేడం, జర నా మాట ఇనుండ్రి. కేసు నా మీద కట్టిండ్రనుకో, ఒక్క తల్లి గూడ రేపటి సంది పిల్లను నా ఆటోల ఎక్కియ్యది. నా బతుకు ఆగమైతది."

ఆ మాట నిజమే. అప్పటికే ఇద్దరు తండ్రులు స్టేషన్‌కు ఫోన్ చేసి, "ఆ ఆటో ఆయనే గుద్దిండట కదా" అని అడిగారు. పైనుంచి కూడా మాట వచ్చింది, ఆటో దొరికింది, మనిషి దొరికాడు, ఇంకేం చూస్తున్నావని. నేను అతన్ని అరెస్టు చేయలేదు, వదిలిపెట్టనూ లేదు. ఆటోను స్టేషన్‌లోనే ఉంచుకుని, రోజూ వచ్చి సంతకం పెట్టిపొమ్మన్నాను.

ఆటోలోనే లచ్చమ్మ గోనెసంచి కూడా ఉంది. మనిషిని ఎక్కించేటప్పుడు యాకయ్య సంచి కూడా ఎత్తి పెట్టాడట. "ఆమె సొమ్ము, ఎవలన్న ఎత్తుకపోతరని" అన్నాడు. గుద్దినవాడికి ఇంత తీరిక ఉంటుందా అని ఒక పక్క, మంచివాడిగా కనబడడానికి చేశాడేమో అని ఇంకో పక్క. సంచి కుమ్మరిస్తే నలిగిన తోటకూర మధ్య ఒక నిమ్మకాయ, కొన్ని పచ్చిమిరపకాయలు పడ్డాయి. సారయ్య పక్కకు నెట్టబోయాడు.

"కూరగాయలమ్మే మనిషి కద మేడం."

సునీత ముక్కు తుడుచుకుంటూ అంది. "మా అమ్మ నిమ్మకాయలు, మిరపకాయలు అమ్మది. ఒట్టి ఆకుకూరలే."

అప్పుడు చేతిలోకి తీసుకుని చూశాను. నిమ్మకాయలోంచి, మిరపకాయల్లోంచి ఒక సన్నని ఇనుప తీగ పోయింది. కింద బొగ్గుముక్క. తీగ పైకొస తెగి, గోనెపోగుల్లో చిక్కుకుంది. దిష్టికి బండి ముందు వేలాడదీసేదే. గుద్దిన బండి బంపరు సంచిని రాసుకుంటూ పోయినప్పుడు ఊడొచ్చి ఉండాలి. లేచి వెళ్లి యాకయ్య ఆటో ముందు చూశాను. అక్కడ అతని దండ అలాగే వేలాడుతోంది, మిరపకాయలు వాడి ముడుచుకుపోయి. తెగిన దాని స్థానంలో ఇంకోటి కట్టి ఉండొచ్చు కదా అనుకున్నాను. నా బుర్ర అలాంటిది. సంచిలో దొరికిన దండను కవర్లో వేసి సీలు వేయించాను.

బుధవారం దవాఖానకు పోతే లచ్చమ్మ మంచం పక్కన యాపిల్ పండ్ల సంచి ఉంది. తెచ్చింది రాజేశం సేఠ్ అట. బజారులో పెద్ద బట్టల కొట్టు ఆయనది. లచ్చమ్మ ఏళ్లుగా ఆయన ఇంటికి ఆకుకూర వేస్తుంది. సాయంత్రం ఆయనే స్టేషన్‌కు కూడా వచ్చాడు.

"మా ఇంటి మనిషసోంటిది మేడం. అక్కా అని పిలుస్తం. ఆ ఆటోవాణ్ని మాత్రం ఇడువకుండ్రి. ఈ ఆటోలోల్లకు భయం లేకుంట పోయింది."

మర్యాదగా మాట్లాడాడు, టీ తాగాడు, పోయాడు. ఆయన పోయాక సారయ్య మెచ్చుకున్నాడు. "ఎంత మంచోడు మేడం, ఈ రోజుల్ల ఎవలస్తరు?" నాకు మాత్రం ఆ మంచితనం అరగలేదు. బాధ ఉన్నవాడు మనిషి ఎలా ఉందని అడుగుతాడు. ఈయన కేసు ఎవరి మీద కడుతున్నారని అడిగాడు. అయినా నా అనుమానం నాకే నవ్వొచ్చింది. యాపిల్ పండ్లు తెచ్చినా తప్పేనా అనుకున్నాను.

గురువారం సీసీ కెమెరాల ఫుటేజీ కోసం బజారులో కొట్టుకొట్టుకూ తిరిగాం. మంచుకు ఏ కెమెరాలోనూ తెల్లటి పొగ తప్ప ఏమీ లేదు. విసుగొచ్చి, కొట్ల వెనక సందులో బండ్లు పెట్టుకునే చోట కాసేపు నిలబడ్డాను. వరసగా కార్లు, స్కూటర్లు, ఒక సామాన్ల ఆటో. ప్రతి బండికీ ముందు నిమ్మకాయ, మిరపకాయలు. మా బజారులో ప్రతి శనివారం పొద్దున ఒకతను సంచి నిండా దండలు తెచ్చి, కొట్ల షట్టర్లకూ బండ్లకూ తనే కట్టిపోతాడు. పాతవి తీసి రోడ్డు మీద పడేస్తాడు. కొట్టువాళ్లు చూడనైనా చూడరు, అంత అలవాటు. గురువారానికి అవన్నీ వాడిపోయి, మిరపకాయలు గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి.

ఒక్కటి తప్ప.

ఒక తెల్ల కారు ముందు నిమ్మకాయ పసుపుపచ్చగా మెరుస్తోంది. మిరపకాయలు నిగనిగలాడుతూ పచ్చగా ఉన్నాయి. నాకు వెంటనే యాకయ్య ఆటో కళ్లముందుకొచ్చింది. అతని దండ వాడిపోయి ఉంది, అంటే శనివారం నుంచీ అది కదల్లేదు. ఇది మాత్రం వారం మధ్యలో కట్టింది. వంగి చూశాను. కుడివైపు హెడ్‌లైట్ పాతబడి మసక పట్టింది, ఎడమవైపుది కొత్తగా తళతళలాడుతోంది. బంపరు కూడా కొత్తదే.

"ఎవరిది సారయ్యా ఈ కారు?" అన్నాను.

సారయ్య ముఖం మాడిపోయింది. "రాజేశం సేఠ్‌ది మేడం."

నేరుగా కొట్లోకి వెళ్లాను. సేఠ్ చీరలు మడతపెట్టిస్తున్నాడు. నన్ను చూసి లేచి, "రాండ్రి మేడం, చాయ్ తెప్పిస్త" అన్నాడు. కూర్చున్నాను. టీ వచ్చేదాకా చీరల గురించే మాట్లాడాను. తర్వాత అడిగాను.

"మీ బండికి నిమ్మకాయలు కొత్తగ కట్టిండ్రు సేఠ్. ఇయ్యాల శనివారం కాదు కద?"

"అది... పాతది తెగి పడ్డది మేడం."

"ఎక్కడ?"

"ఏమో మేడం, ఏడనో."

"మరి శనివారం దాక ఆగలేకపోయిండ్రా?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "మా ఇంట్ల ఒప్పుకోరు మేడం. బండి ముందట ఒట్టిగ ఉంటె ఎక్కరు."

కవర్ తీసి చీరల మీద పెట్టాను. తెగిన తీగ, నలిగిన నిమ్మకాయ, బొగ్గుముక్క. హెడ్‌లైట్ మార్పించాడు, బంపరు మార్పించాడు, కారు కడిగించాడు. ఇంత తెలివిగలవాడు, ఆ ఒట్టి కొక్కేన్ని మాత్రం నాలుగు రోజులు చూస్తూ ఉండలేకపోయాడు. తీగ వైపు చూస్తూ చూస్తూ కూలబడ్డాడు.

మంగళవారం తెల్లవారుజామున కూతురిని కాజీపేటలో రైలెక్కించి వస్తున్నాడట. "కుక్కనో ఏందో తగిలిందనుకున్న మేడం. మంచు. ఏం కనవడలే. ఆగకుంటనే వచ్చిన. మనిషని తర్వాత తెలిసింది. అప్పటికి భయమైంది." పగిలిన హెడ్‌లైట్, బంపరు ఆయన గోదాంలోనే దొరికాయి. కారును ఎంవీఐకి పంపాం, అంటే ప్రమాదం చేసిన బండ్లను పరీక్షించి రిపోర్టు ఇచ్చే రవాణాశాఖ అధికారికి. యాకయ్య ఆటో ఆ సాయంత్రమే వదిలేశాం. తాళం చేతికిస్తే తీసుకుని పోయాడు.

కానీ ఆ కుక్క మాట నాకు గొంతు దిగలేదు. మనిషికీ కుక్కకూ దెబ్బ తేడా తెలియదా? తెలియదనే అన్నాడు, చివరిదాకా అదే అన్నాడు. కాదనడానికి అప్పటికి నా దగ్గర ఏమీ లేదు.

తర్వాతి వారం లచ్చమ్మకు మాట వచ్చిందని సునీత ఫోన్ చేసింది. స్టేట్‌మెంట్ రాసుకోవడానికి పోయాను. గొంతు పీలగా ఉంది కానీ మాట స్పష్టంగా ఉంది. గుద్దినవాళ్లను చూశావా అమ్మా అని అడిగాను.

"సూసిన బిడ్డా. మా సేఠు."

"మంచు కదా, ఎట్ల కనబడ్డడు?"

"కారు ఆపిండు. దిగిండు. నా మొకం మీదికి వంగి సూసిండు. లేపుతడనుకోని చెయ్యి చాపిన. సూసి, కారెక్కి పోయిండు."

ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకున్నాను. సునీత గోడ వైపు తిరిగింది. లచ్చమ్మే మళ్లీ అడిగింది. "ఆ చెయ్యి వట్టుకోని నన్ను ఎత్తుకున్న పిలగాడు ఎవలు బిడ్డా? నా సంచి గూడ తెచ్చిండు."

సునీత నా దగ్గర నంబరు తీసుకుని, అప్పుడే బయటికి వెళ్లి అతనికి ఫోన్ చేసింది. యాకయ్య వచ్చాడు, చెప్పులు వార్డు బయట విడిచి. సునీత అతని రెండు చేతులూ పట్టుకుంది. లచ్చమ్మ అతన్ని మంచం మీద కూర్చోమంది. యాపిల్ పండ్ల సంచి అప్పటికే ఎవరో తీసి అవతల పడేశారు.

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఈ కేసు నాకు నేర్పింది ఒక్కటే. ఎవరినైనా అనుమానించవచ్చు, కానీ మనం ముందుగా పట్టుకునేది ఎప్పుడూ ఆగినవాణ్నే, ఎందుకంటే అతనొక్కడే అక్కడ ఉంటాడు. పోయినవాడు యాపిల్ పండ్లు పట్టుకుని వస్తాడు. ఇప్పటికీ వారం మధ్యలో ఏ బండికైనా తాజా నిమ్మకాయ కనబడితే ఆగి హెడ్‌లైట్లు చూస్తాను, మా ఆయన పక్కనుండి ఎంత తిట్టినా సరే.

ఆ రోజు దవాఖాన మెట్లు దిగుతూ యాకయ్యను అడిగాను.

"మళ్ల ఎవరన్న ఇట్ల రోడ్డు మీద పడి ఉంటే ఆపుతవా?"

"ఆపుత మేడం. ఆపకుంట ఎట్ల పోత?" అన్నాడు. ఆటో ఎక్కి, తాళం తిప్పి, మళ్లీ నా వైపు చూశాడు. "కాని ఈసారి బండి కడుగ. మీరొచ్చి సూసినంకనే కడుగుత."

"మరి స్కూలు పిల్లలు?"

"ఆ ఒక్క పొద్దు నడిచి పోతరు."

నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.