ఎర్ర బటన్ నొక్కిన అమ్మమ్మ

అప్పటికి అమ్మమ్మ ఇంకా అమ్మమ్మ కాలేదు. కెమికల్ ఇంజినీరింగులో ఎంటెక్ చదువుతూ, ప్లైవుడ్ అతికించే బంక తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంటర్న్‌షిప్‌కి చేరిన సన్నటి అమ్మాయి. సన్నటి అన్నది ఆవిడ మాటే. ఫొటోలు లేవు కాబట్టి ఇంట్లో ఎవరూ వాదించరు. బంక కాచడానికి ఇంత చదువా అని ఆవిడ బయల్దేరేటప్పుడే మేనత్త ఈసడించింది.

చేరిన రోజు అందరికీ చెప్పినట్టే ఆమెకూ చెప్పారు. ఏదైనా తేడాగా కనిపిస్తే గోడమీది ఎర్ర బటన్ నొక్కెయ్యాలి, ఎవరినీ అడగక్కర్లేదు. విన్నవాళ్లంతా తలలూపారు. బటన్ మాత్రం దుమ్ము పట్టి గులాబీరంగుకు తిరిగింది. అమ్మమ్మ చెప్పిన మాట నమ్మే రకం.

ఒక ఉదయం బంక కాగే ట్యాంకు పక్క గొట్టంలోంచి తెల్లటి పొగ బుస్సుమంది. అమ్మమ్మ నొక్కేసింది. ఫ్యాక్టరీ మొత్తం నోరు మూసుకుంది.

మేస్త్రి నింపాదిగా వచ్చి చూశాడు. "ఇది ఆవిరమ్మా. రోజూ ఇలాగే నిట్టూరుస్తుంది," అన్నాడు. ఈలోగా ట్యాంకులో బంక కలిపే తెడ్డు ఆగిపోయింది, చల్లార్చే నీళ్లూ ఆగిపోయాయి. బంక కాస్తా రాయయి కూర్చుంది.

మేనేజరు కేకలెయ్యలేదు. అందుకే ఎక్కువ భయమేసింది. ముందు ట్యాంకు శుభ్రం చెయ్యమనీ, సర్టిఫికెట్ సంగతి తర్వాత చూద్దామనీ అన్నాడు. సర్టిఫికెట్ లేకపోతే డిగ్రీ లేదు. డిగ్రీ లేకపోతే ఇంట్లో మేనత్త ఉంది.

మర్నాడు ట్యాంకు చల్లారాక, లోపలికి గాలి పంపి, నడుముకు తాడు కట్టుకుని, మేస్త్రితోబాటు అమ్మమ్మా దిగింది. ఉలీ సుత్తీ పట్టింది. చెక్కగా చెక్కగా ఒక అనుమానం పుట్టింది. నిన్నటి పొగ ఉత్తదే, సరే. నిజంగా ప్రమాదమే వచ్చి ఉంటే? అప్పుడూ బటన్ ఈ తెడ్డునే ఆపేది, ఆ నీళ్లనే ఆపేది. లోపలి వేడికి పోయే దారే ఉండేది కాదు. మేస్త్రిని అడిగితే, ఎవరైనా నొక్కితే కదా తెలిసేది అన్నాడు.

తలనిండా బంక పొడితోనే మేనేజరు గదిలోకి వెళ్లింది.

"నేను నొక్కడం తప్పేనండి. కానీ నొక్కాల్సిన రోజు నొక్కినా ఇదే జరుగుతుంది."

ఆయన కిటికీ అద్దంలోంచి ట్యాంకు వైపు చూశాడు. "ఇన్నేళ్లలో ఎవరూ నొక్కలేదమ్మా."

"మీ అదృష్టం అండి."

"అయితే ఆ బటన్ వైర్లు దగ్గరుండి మార్పించు. సర్టిఫికెట్ తీసుకుని వెళ్లు."

వైర్ల పని తన సిలబస్‌లో లేదని గొణిగింది.

"బంక చెక్కడం ఉందా?" అన్నాడాయన.

మార్పించింది. ట్యాంకులో ఉత్త నీళ్లు నింపి, అందరినీ పిలిచి, మళ్లీ నొక్కింది. మిగతావన్నీ ఆగాయి, తెడ్డు తిరుగుతూనే ఉంది, చల్లార్చే నీళ్లూ పారుతూనే ఉన్నాయి. సర్టిఫికెట్‌లో "శ్రద్ధగా పనిచేసింది" అని రాశారు. ఏ బటన్ మీద శ్రద్ధో రాయలేదు.

పీహెచ్‌డీకి రమ్మని ప్రొఫెసరు పిలిచినా అమ్మమ్మ వెళ్లలేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఊరూరి ఫ్యాక్టరీలు తిరిగి, ఆపే బటన్లు నిజంగా దేన్ని ఆపుతాయో నొక్కి చూడడమే ఆవిడ పని. జీతమిచ్చి మరీ నొక్కించుకున్నారు. ఇప్పటికీ ఎవరింటికి వెళ్లినా ముందు మెయిన్ స్విచ్ కట్టేసి చూస్తుంది, టీవీలో ఏ సీరియల్ నడుస్తున్నా సరే.

ఆనాటి బంక గడ్డ ఒకటి ఇంటికి తెచ్చుకుంది. వంటింటి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టింది. మేనత్త ఒకసారి దాన్ని కాలితో తోసి చూసింది. కదల్లేదు. ఇంకొంచెం గట్టిగా తోసింది. ఆ తర్వాత కాలు నొక్కుకుంటూ కూర్చుంది, బంక మాటా చదువు మాటా మళ్లీ ఎత్తలేదు.